అణు పరీక్షలు ఏ చరిత్రకు చెందుతాయి: ప్రచ్ఛన్న యుద్ధానికా, వలస విముక్తికా?

వేకువచుక్క (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఆధునిక ప్రపంచ చరిత్రలో పరిశోధన చేస్తున్నాను. 1946లో మార్షల్ దీవుల్లోని బికినీలో అమెరికా మొదలుపెట్టిన పరీక్షల నుంచి 1996లో ఫ్రాన్స్ పసిఫిక్‌లో జరిపిన చివరి పరీక్ష వరకు, ఆ యాభై ఏళ్ల అణు పరీక్షలకూ అదే కాలంలో ఆసియా, ఆఫ్రికా, పసిఫిక్ ప్రాంతాల్లో వలస పాలన ముగిసిన తీరుకూ ఉన్న సంబంధం నా అంశం. ఈ మధ్య సినాప్సిస్ సమర్పించినప్పుడు పరిశీలకులలో ఒకరు, ఇవి రెండూ ఒకే కాలంలో జరిగిన రెండు వేర్వేరు కథలనీ, అణు పరీక్షలు అగ్రరాజ్యాల పోటీకి సంబంధించినవి గనుక వాటిని వలస విముక్తితో ముడిపెట్టడం బలవంతపు పని అనీ అన్నారు. ఆ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. సమాధానం చెప్పలేకపోతే అంశమే మార్చుకోవలసి వస్తుంది.

నాకు ఈ ఆలోచన ఎలా వచ్చిందో చెబుతాను. నోటుపుస్తకంలో ఒక పేజీని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు అల్జీరియాలో ఫ్రాన్స్ జరిపిన పరీక్షల తేదీలు, కుడివైపు అల్జీరియా స్వాతంత్ర్య సమరంలోని ముఖ్యమైన తేదీలు రాసుకున్నాను. సహారా ఎడారిలోని రెగ్గాన్ దగ్గర మొదటి బాంబు పేలింది 1960 ఫిబ్రవరి 13న. యుద్ధాన్ని ముగించిన ఎవియాన్ ఒప్పందాల మీద ఫ్రాన్స్, అల్జీరియా ప్రతినిధుల సంతకాలు 1962 మార్చి 18న జరిగాయి. దేశానికి స్వాతంత్ర్యం 1962 జూలై 5న వచ్చింది. కుడివైపు గీత అక్కడితో ఆగిపోయింది. ఎడమవైపు మాత్రం ఆగలేదు. అల్జీరియా నేల మీద ఫ్రాన్స్ జరిపిన మొత్తం 17 పరీక్షలలో 11 స్వాతంత్ర్యం వచ్చిన తరువాతే, 1966 ఫిబ్రవరి వరకూ జరిగాయి. ఆ పేజీ ముందు చాలాసేపు కూర్చున్నాను. తన జెండా తాను ఎగరవేసుకున్న దేశంలో, తాను సాగనంపిన పాలకుడు ఇంకా బాంబులు పేలుస్తూ ఉంటే, ఆ దేశానికి వచ్చినదాన్ని ఏమని పిలవాలి?

నా సందేహాలు ఇవి. తేదీలు పక్కపక్కన ఉన్నంత మాత్రాన సంబంధం రుజువు కాదని నాకు తెలుసు. కనుక అంతకు మించిన ఆధారం ఎక్కడ దొరుకుతుంది? ఒకే సందర్భాన్ని లోతుగా చూడడం మేలా, లేక సహారా, మార్షల్ దీవులు, పాలినేషియా అన్నిటినీ కలిపి చూడడం మేలా? ఈ విషయం చదివినవారు, బోధించినవారు దయచేసి మీ అభిప్రాయం చెప్పగలరు.

తుంగభద్ర

చరిత్ర అధ్యాపకుడిగా పదహారేళ్లుగా ఆఫ్రికా చరిత్ర పాఠం చెబుతున్నాను కాబట్టి కొంత ధైర్యంగా రాస్తున్నాను. మీ పరిశీలకులు చెప్పిన మాటలో సగం నిజం ఉంది. బాంబు ఎందుకు కావలసి వచ్చిందన్న ప్రశ్నకు సమాధానం ప్రచ్ఛన్న యుద్ధంలోనే దొరుకుతుంది. కానీ బాంబును ఎక్కడ పేల్చారు, ఎవరిని అడిగి పేల్చారు, ఎప్పుడు అక్కడి నుంచి కదిలారు అన్న మూడు ప్రశ్నలకు సమాధానం అక్కడ దొరకదు. మీ పరిశోధనకు చోటు ఉన్నది ఆ మూడు ప్రశ్నల్లోనే.

సహారాను తీసుకుందాం. 1956లో హాసీ మెసావూద్ దగ్గర చమురు బయటపడింది. మరుసటి ఏడాది ఫ్రాన్స్ సహారాను ఉత్తర అల్జీరియా పాలన నుంచి విడదీసి వేరే యంత్రాంగం కిందికి తెచ్చింది. రెగ్గాన్ దగ్గర పరీక్షా క్షేత్రం నిర్మాణం మొదలైంది కూడా ఆ కాలంలోనే. అంటే ఉత్తరాన యుద్ధం జరుగుతుండగానే, దక్షిణాన ఎడారిని చేజారకుండా పట్టుకునే ప్రయత్నం సమాంతరంగా నడిచింది. 1961 జూలైలో లుగ్రాన్‌లో శాంతి చర్చలు తెగిపోయింది ఈ సహారా ప్రశ్న మీదనే. ఎడారి అల్జీరియాలో అంతర్భాగమని, స్వాతంత్ర్య పోరాటం నడిపిన జాతీయ విమోచన సంఘటన ప్రతినిధులు పట్టుబట్టారు. ఫ్రాన్స్ ఒప్పుకోలేదు. సెప్టెంబరులో ఫ్రెంచి అధ్యక్షుడు ద గాల్ దిగివచ్చి ఎడారి మీద అల్జీరియా సార్వభౌమత్వాన్ని సూత్రప్రాయంగా అంగీకరించాకనే చర్చలు మళ్లీ దారిలో పడ్డాయి. ఆ దిగిరావడానికి చెల్లించుకున్న మూల్యం ఎవియాన్ సైనిక నిబంధనల్లో కనిపిస్తుంది. రెగ్గాన్, ఇన్ ఎకర్, కొలోం-బెషార్ ప్రాంతాల్లోని స్థావరాలను ఫ్రాన్స్ మరో ఐదేళ్లు వాడుకోవచ్చునని అక్కడ రాసుకున్నారు. మీ ఎడమవైపు గీత ఆగకపోవడానికి కారణం ఆ వాక్యమే. కాబట్టి మీరు ఇప్పుడు చూపుతున్నది తేదీల యాదృచ్ఛికత కాదు. బేరసారాలలో నలిగి, రెండు పక్షాలూ సంతకం పెట్టిన షరతు అది.

మొదటి నాలుగు పరీక్షల పేర్లు కూడా గమనించండి. ఎడారిలో గెంతుతూ తిరిగే చిన్న ఎలుక జాతి జీవి జెర్బోవా. ఆ జీవి పేరుకు రంగులు తగిలించి నీలి జెర్బోవా, తెల్ల జెర్బోవా, ఎర్ర జెర్బోవా అని వరుసగా పిలిచారు. మూడూ కలిపితే ఫ్రెంచి జెండా. నీలి జెర్బోవా శక్తి సుమారు 70 కిలోటన్నులు, అంటే హిరోషిమా బాంబుకు నాలుగు రెట్లకు పైమాట. ఆ ఉదయం నుంచి ఫ్రాన్స్ మరింత బలంగా, మరింత గర్వంగా నిలిచిందని ద గాల్ సందేశం పంపారు. నాలుగోది, ఆకుపచ్చ జెర్బోవా, 1961 ఏప్రిల్ 25న పేలింది. అల్జియర్స్‌లో ఫ్రెంచి సేనానులు సొంత ప్రభుత్వం మీద తిరుగుబాటు చేసిన రోజులవి. బాంబు తిరుగుబాటుదారుల చేతికి చిక్కుతుందన్న భయంతోనే తొందరపడి పేల్చారా అన్నది చరిత్రకారుల మధ్య నేటికీ చర్చే. అయితే వలస యుద్ధమూ అణు కార్యక్రమమూ వేర్వేరు గదుల్లో జరిగాయని అనుకునేవారు ఆ వారం రోజుల దినపత్రికలు చదివితే చాలు.

ఇక ఇన్ ఎకర్ సంగతి. అది అహగ్గర్ ప్రాంతంలో తవురిర్త్ తాన్ అఫెల్లా అనే నల్లరాతి కొండ. గాలిలో పేల్చితే పొరుగు దేశాలు గగ్గోలు పెడుతున్నాయని కొండ లోపల సొరంగాలు తొలిచి భూగర్భ పరీక్షలు మొదలుపెట్టారు. సొరంగం చివర నత్త గుల్లలా మెలితిప్పి ఉంటుంది. పేలుడు తాకిడికి ఆ మెలిక దానంతట అదే మూసుకుపోయి, రేడియోధార్మికత బయటికి రాకుండా ఆగాలి. 1962 మే 1న, ఎవియాన్ సంతకాలై ఆరు వారాలు గడిచాక జరిగిన బెరిల్ అనే పరీక్షలో ఆ మెలిక మూసుకోలేదు. కరిగిన రాయి, వాయువులు సొరంగం నోటి నుంచి ఎగజిమ్మాయి, కొండ పక్క నుంచి నల్లటి మేఘం లేచింది. చూడడానికి వచ్చిన ఇద్దరు మంత్రులు, పియెర్ మెస్మెర్, గాస్తోన్ పలేవ్‌స్కీ, అందరితో పాటు అక్కడి నుంచి పరుగుతీయవలసి వచ్చింది. మంత్రులు స్నానాలు చేసి బట్టలు మార్చుకున్న సంగతి జ్ఞాపకాల్లో నమోదైంది. ఆ మేఘం పోయిన దారిలో మేకలు కాస్తున్నవారి వివరాలకు అంతటి శ్రద్ధ దక్కలేదు.

యానాం గట్టు

తుంగభద్ర గారి సమాధానం చదివాక మా ఊరి సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. విషయం పక్కదారి పట్టదని నా నమ్మకం.

మాది యానాం. మా తాతగారి ఇనప్పెట్టెలో ఆయన జనన ధ్రువపత్రం ఉంది. అది ఫ్రెంచిలో ఉంటుంది, మడతల దగ్గర చిరిగిపోతే వెనక పల్చటి గుడ్డ అంటించారు. 1954లో ఫ్రెంచి పాలన మా దగ్గర వాస్తవంగా ముగిసిపోయింది. 1956 మే 28న విలీన ఒప్పందం మీద సంతకాలూ అయ్యాయి. అయినా ఫ్రెంచి పార్లమెంటు దానిని ఆరేళ్లపాటు ఆమోదించలేదు. చట్టబద్ధమైన బదిలీ 1962 ఆగస్టు 16న గానీ జరగలేదు. చిన్నప్పుడు ఆ రోజు జెండా ఎగరవేసేవాళ్లమే గానీ, ఆ జాప్యం ఎందుకని ఎవరమూ అడగలేదు. పెద్దయ్యాక అల్జీరియా చరిత్ర చదివితే అర్థమైంది. అల్జీరియా వ్యవహారం తేలకుండా సామ్రాజ్యంలో ఇంకో ముక్కను చట్టబద్ధంగా వదులుకోవడానికి పారిస్‌లో రాజకీయంగా ఎవరూ సిద్ధంగా లేరు. అల్జీరియా స్వాతంత్ర్యానికీ మా బదిలీకీ మధ్య గడిచింది 42 రోజులు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఒకే రాజ్యం ఒకే వేసవిలో రెండు చోట్ల నుంచి వైదొలిగింది. యానాంలో అది వదులుకున్నది గోదావరి పాయ ఒడ్డున ఒక చిన్న పట్టణం. అక్కడ ఐదేళ్ల గడువులూ, స్థావరాల నిబంధనలూ అవసరం కాలేదు. సహారాలో మాత్రం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో పట్టుకుంది. వలస విముక్తి అంతటా ఒకే అచ్చులో పోసినట్టు జరగలేదనీ, పరీక్షా క్షేత్రం ఉన్న చోట దాని షరతులే మారిపోయాయనీ చూపడానికి మీరు ఇటువంటి పోలికను వాడుకోవచ్చు.

ఘానా సంగతి కూడా తప్పక చూడండి. 1957లో స్వతంత్రమైన ఆ చిన్న దేశం, మొదటి బాంబు పేలిన వెంటనే తన దేశంలోని ఫ్రెంచి ఆస్తులను స్తంభింపజేసింది. అంతకు ముందే, 1959 డిసెంబరులో, మైకేల్ స్కాట్, బేయార్డ్ రస్టిన్ వంటి శాంతివాదులు ఘానా వారితో కలిసి అక్రా నుంచి వాహనాల్లో ఉత్తరానికి బయలుదేరారు. రెగ్గాన్ చేరి పరీక్షకు అడ్డంగా నిలబడాలన్నది వారి సంకల్పం. అప్పటికి ఫ్రెంచి పాలనలో ఉన్న అప్పర్ వోల్టా (నేటి బుర్కినా ఫాసో) సరిహద్దు దాటగానే వారిని ఆపేశారు. మళ్లీ ప్రయత్నించారు, మళ్లీ ఆపారు. ఎడారి ఇంకా ఎంతో దూరాన ఉండగానే వారి ప్రయాణం ముగిసింది. 1960 ఏప్రిల్‌లో ఘానా ప్రధాని క్వామే ఎంక్రుమా అక్రాలో ఏర్పాటు చేసిన సమావేశంలో సహారా బాంబునూ, అల్జీరియా యుద్ధాన్నీ, దక్షిణాఫ్రికా వర్ణవివక్షనూ ఒకే వేదిక మీద చర్చించారు. అల్జీరియా తరఫున ఫ్రాంజ్ ఫానన్ అక్కడ మాట్లాడారు. 1961 జనవరిలో నైజీరియా, స్వతంత్రమై నాలుగు నెలలైనా తిరగకుండానే, మూడో పరీక్షకు నిరసనగా ఫ్రాన్స్‌తో దౌత్య సంబంధాలు తెంచుకుంది. ఈ రెండూ ఒకే కథ అని అప్పటి ఆఫ్రికా నాయకులకు ఎవరూ నేర్పవలసిన అవసరం లేకపోయింది. మీ పరిశీలకులకు నేను చెప్పగల గట్టి సమాధానం ఇదే. ఆ ముడి వేసింది మీరు కాదు, ఆ కాలం వారే వేశారు.

కృష్ణాతీరం

పై ఇద్దరితోనూ చాలావరకు ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేయాలనుకుంటున్నాను. వలస ప్రజలు కాదనలేని చోట పరీక్షలు జరిపారు, కాదనగలిగిన రోజున అవి అక్కడి నుంచి తరలిపోయాయి అన్న సూత్రం వినడానికి చక్కగా ఉంటుంది. కానీ దానిని యథాతథంగా రాస్తే మీ పరిశీలకులు మొదటి పది నిమిషాల్లోనే పట్టుకుంటారు. అమెరికా తన సొంత నెవాడాలో పేల్చింది. సోవియట్ రాజ్యం కజఖ్‌స్తాన్‌లోని సెమిపలాటిన్స్క్‌లో 456 పరీక్షలు జరిపింది. బ్రిటన్ మోంటే బెల్లో దీవుల్లో, ఈమూ ఫీల్డ్‌లో, మరాలింగాలో పేల్చింది స్వతంత్ర ఆస్ట్రేలియా అనుమతితోనే. అక్కడ ఆస్ట్రేలియా ప్రధాని మెన్జీస్ మంత్రివర్గాన్నైనా సంప్రదించకుండా 1950లో ఒప్పుకున్నారు.

అయితే ఈ మినహాయింపులు మీ వాదాన్ని పడగొట్టవు, దానికి పదును పెడతాయి. మరాలింగా భూమి ఆదివాసులది. 1967 ప్రజాభిప్రాయ సేకరణ దాకా ఆస్ట్రేలియా జనాభా లెక్కల్లో ఆదివాసులను కలపనే లేదు. లక్షల చదరపు కిలోమీటర్ల మేర తిరుగుతున్న కుటుంబాలను వెతికి హెచ్చరించే బాధ్యత ఒకరిద్దరు గస్తీ అధికారుల మీద పెట్టారు. కనుక ప్రశ్నను ‘ఏ దేశం ఎప్పుడు స్వతంత్రమైంది’ అని కాకుండా, ‘ఆ నేల మీద బతుకుతున్నవారికి కాదనే హక్కు ఉందా’ అని అడిగితే, అల్జీరియా, ఆస్ట్రేలియా, కజఖ్‌స్తాన్ మూడూ ఒకే చట్రంలోకి వస్తాయి. స్వతంత్ర రాజ్యంలో కూడా వలస సంబంధం మిగిలి ఉండవచ్చునన్నది అప్పుడు మీ వాదంలో భాగం అవుతుంది.

రెండో మాట మార్షల్ దీవుల గురించి. ఒకే సందర్భం ఎంచుకోమంటే నేను సహారా కన్నా దీనినే ఎంచుకుంటాను. కారణం, ఇక్కడ వలస పాలనకు అంతర్జాతీయ సమాజమే ముద్ర వేసింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఐక్యరాజ్య సమితి 11 ప్రాంతాలను ధర్మకర్తృత్వం కిందికి తెచ్చింది. అక్కడి ప్రజలను స్వపరిపాలన వైపు నడిపించడం ధర్మకర్త బాధ్యత. పసిఫిక్ దీవులను అమెరికాకు అప్పగించినప్పుడు మాత్రం, 1947లో, ‘వ్యూహాత్మక’ ప్రాంతమని ప్రత్యేకంగా పేర్కొన్నారు. 11లో అటువంటిది అదొక్కటే. ప్రజలు భూములు, వనరులు కోల్పోకుండా కాపాడతామని ఆ ఒప్పందంలో రాసిన చేయే అక్కడ 1946 నుంచి 1958 వరకు 67 బాంబులు పేల్చింది. బికినీ నుంచి 167 మందిని 1946 మార్చిలో తరలించేటప్పుడు, మానవజాతి మేలు కోసం ఇల్లు వదలమని ఒక నౌకాదళాధికారి వారిని అడిగిన దృశ్యాన్ని కెమెరా ముందు మళ్లీ మళ్లీ నటింపజేసి చిత్రీకరించారు. ప్రజల అంగీకారం అన్న మాట పత్రాల్లో కనిపించినప్పుడల్లా ఆ కెమెరాను గుర్తు చేసుకోండి.

1954 మార్చి 1న అక్కడ అమెరికా పేల్చిన బ్రావో అనే హైడ్రోజన్ బాంబు శక్తి 15 మెగాటన్నులు. రోంగెలాప్ దీవిలో ఆకాశం నుంచి తెల్లటి పొడి రాలింది. అది పగడపు దిబ్బ కాలి పొడైన సున్నం, దాని నిండా రేడియోధార్మికత ఉంది. పిల్లలు అందులో ఆడుకున్నారు. జనాన్ని అక్కడి నుంచి తీసుకువెళ్లింది రెండు రోజుల తరువాత. అదే పొడి జపాన్ చేపల పడవ ఐదో నంబరు ఫుకుర్యూ మారు మీద కూడా పడింది. అందులో ఉన్న 23 మందిలో ఒకరైన రేడియో ఆపరేటరు ఆ సెప్టెంబరులో మరణించారు. ఏప్రిల్ 2న నెహ్రూ లోక్‌సభలో మాట్లాడుతూ, నిరాయుధీకరణ ఒప్పందం కుదిరే దాకా ఆగకుండా కనీసం పేలుళ్లనైనా నిలిపివేయాలని కోరారు. అదే నెల 20వ తేదీతో మార్షల్ ప్రజలు ఐక్యరాజ్య సమితికి ఒక విజ్ఞాపన పంపారు. పరీక్షలు వెంటనే ఆపాలని, ఆపడం సాధ్యం కాదంటే తగిన జాగ్రత్తలైనా తీసుకోవాలని అడిగి, తమకు నేల అంటే పంట వేసుకునే చోటు, చచ్చినవారిని పూడ్చే చోటు మాత్రమే కాదనీ, నేల పోతే తమ ప్రాణమే పోతుందనీ అందులో రాశారు. ధర్మకర్తృత్వ మండలి పరీక్షలు ఆపమనలేదు. జాగ్రత్తలు తీసుకోమంది. ఆ విజ్ఞాపనను మీ సిద్ధాంత గ్రంథంలో తప్పక విశ్లేషించండి. పాలితులు పాలకుడి మీద, పాలకుడే ఒప్పుకున్న న్యాయసూత్రం ఆధారంగా, పాలకుడు సభ్యుడిగా ఉన్న సభలోనే దావా వేసిన అరుదైన పత్రం అది.

వేకువచుక్క

మీ అందరికీ కృతజ్ఞతలు. కృష్ణాతీరం గారు చెప్పిన ‘కాదనే హక్కు’ అన్న మాట నాకు ఎంతో ఉపయోగపడుతుంది. అయితే అల్జీరియా వైపు ఒక చిక్కు మిగిలింది. ఎవియాన్ మీద సంతకం పెట్టింది అల్జీరియా ప్రతినిధులే కదా. అంటే వారు కాదనగలిగి ఉండి కూడా ఒప్పుకున్నట్టే కదా అని ఎవరైనా అడిగితే? ఇంకొకటి, పాలినేషియా గురించి ఇప్పటి వరకు ఎవరూ రాయలేదు. అక్కడి నాయకుడు పూవానా ఆ ఓపాను బాంబు కోసమే జైల్లో పెట్టారని ఒక వ్యాసంలో చదివాను. ఆ మాటను నమ్మవచ్చా?

సువా నుంచి

ఉద్యోగరీత్యా ఎనిమిదేళ్లుగా ఫిజీలో ఉంటున్నాను. పసిఫిక్ గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను.

ముందుగా పూవానా సంగతి. ఆ వ్యాసం తేదీలను తారుమారు చేసింది. ఆయన 1958 ప్రజాభిప్రాయ సేకరణలో ఫ్రాన్స్‌తో కొనసాగడానికి వ్యతిరేకంగా ప్రచారం చేశారు. ఆ అక్టోబరులో అక్కడి రాజధాని పపీతేకు నిప్పు పెట్టించబోయారన్న అభియోగంతో అరెస్టయ్యారు, 1959లో శిక్ష పడి ఫ్రాన్స్‌కు ప్రవాసం పంపబడ్డారు. పరీక్షా కేంద్రాన్ని పాలినేషియాకు తేవాలన్న నిర్ణయం ప్రజలకు తెలిసింది 1963లో. కనుక బాంబు కోసమే జైలు అని రాస్తే తేదీలు అడ్డుపడతాయి. రాయదగిన మాట వేరే ఉంది. నిర్ణయం వచ్చేసరికి కాదని చెప్పగల గొంతు దీవుల్లో లేదు. 1963 నవంబరులో ఆయన స్థాపించిన పార్టీని కూడా ప్రభుత్వం రద్దు చేసింది. 1964 ఫిబ్రవరిలో ప్రాదేశిక సభ మొత్తం కూడా కాదు, దాని స్థాయీ సంఘంలోని కొద్దిమంది సభ్యులు మొరురోవా, ఫంగటౌఫా దీవులను ఫ్రెంచి రాజ్యానికి ఉచితంగా రాసిచ్చారు. 1966 జూలైలో మొదటి పేలుడు. 1996 వరకు మొత్తం 193. పూవానా శిక్షను ఫ్రెంచి న్యాయస్థానం 2018లో రద్దు చేసింది, అప్పటికి ఆయన పోయి నలభై ఏళ్లు దాటింది.

సహారా గడువు ముగుస్తుండగా పాలినేషియా పని మొదలైన తీరు కూడా చూడండి. ఇన్ ఎకర్‌లో చివరి పరీక్ష ఫిబ్రవరి 1966లో, మొరురోవాలో మొదటిది జూలై 1966లో. ఒక వలస స్వతంత్రమైతే ఇంకా స్వతంత్రం కాని వలసకు మూట కట్టుకుని పోయారు. ఇది ఊహ కాదు, ఆ పనివేళల పట్టికే సాక్ష్యం.

ఇక ఫిజీ. 1957, 1958లలో బ్రిటన్ పసిఫిక్‌లో తన పాలనలో ఉన్న మాల్డెన్, క్రిస్మస్ దీవుల వద్ద హైడ్రోజన్ బాంబులు పరీక్షించినప్పుడు, అప్పటికి బ్రిటిష్ వలసే అయిన ఫిజీ నుంచి సుమారు 300 మంది సైనికులను, నావికులను అక్కడికి పంపారు. మా వీధి చివర ఇంట్లో అటువంటి ఒకరి ఫొటో గోడకు ఉంది. సముద్రపు ఒడ్డున వరుసగా కూర్చున్న కుర్రవాళ్లు, అందరూ చొక్కాలు విప్పి, నవ్వుతూ. పేలుడు వైపు వీపు పెట్టి, అరచేతులతో కళ్లు మూసుకోమన్నారట. మూసిన కళ్లకు చేతి ఎముకలు కనిపించాయని ఆయన చెప్పేవారని ఇంటివాళ్లు అంటారు. బ్రిటన్ నుంచి పరిహారం రాకపోతే, 2015లో ఫిజీ ప్రభుత్వమే బతికి ఉన్నవారికి కొంత సొమ్ము ఇచ్చింది.

1903 నుంచి మద్రాసు రేవు మీదుగా చెరకు తోటల్లో పనికి వచ్చిన తెలుగు కూలీల సంతతి ఇక్కడ ఇప్పటికీ ఉన్నారు. ఫిజీ 1970లో స్వతంత్రమయ్యాక, ఫ్రెంచి పరీక్షలకు వ్యతిరేకంగా సువాలో విద్యార్థులు, చర్చి సంఘాలు, కార్మిక సంఘాలు కలిసి నడిపిన ఉద్యమం గురించి వారిలోని పెద్దలను అడిగితే ఇప్పటికీ చెబుతారు. 1975లో అణురహిత పసిఫిక్ మహాసభ జరిగింది ఈ ఊళ్లోనే. బాంబు వద్దనడమూ, దీవులకు స్వాతంత్ర్యం కావాలనడమూ అక్కడ ఒకే కోరికగా వినిపించాయి. మీ పరిశీలకులు బలవంతపు ముడి అన్నది ఇక్కడి జనానికి ఏనాడూ ముడిగా కనిపించలేదు.

తుంగభద్ర

ఎవియాన్ సంతకం గురించి వేకువచుక్క గారు అడిగిన చిక్కు ప్రశ్నకు. అవును, ఒప్పుకున్నారు. ఏడున్నర ఏళ్ల యుద్ధం తరువాత, లక్షల మంది నిర్వాసిత శిబిరాల్లో ఉండగా, చర్చలు అప్పటికే ఒకసారి తెగిపోయి ఉండగా ఒప్పుకున్నారు. ఆ పరిస్థితిలోని ఒప్పుకోలును స్వేచ్ఛగా ఇచ్చిన అనుమతి అనడమూ తప్పే, అల్జీరియా నాయకులకు ఏ పాత్రా లేదనడమూ తప్పే. 1963 మార్చిలో ఇన్ ఎకర్‌లో మరో పరీక్ష జరిగినప్పుడు అల్జీరియా ప్రధాని బెన్ బెల్లా సైనిక నిబంధనలను తిరగరాయాలని ఫ్రాన్స్‌ను బహిరంగంగా కోరారు. అయినా పరీక్షలు గడువు దాకా సాగాయి. ఆ మూడేళ్లలో రెండు ప్రభుత్వాల మధ్య చమురు, గ్యాసు, ఆర్థిక సహాయం మీద ఏమి నడిచిందో తవ్వి చూడండి. నాకు తెలిసి తెలుగులో దాని మీద ఒక్క వ్యాసమూ లేదు.

ఆధారాల గురించి ముందే మనసు గట్టి చేసుకోండి. 2008 నాటి ఫ్రెంచి చట్టం ప్రకారం, అణ్వాయుధ తయారీకి ఉపయోగపడగల సమాచారం ఉన్న ప్రభుత్వ పత్రాలను ఎన్నటికీ బయటపెట్టనవసరం లేదు. ఆ గీత ఎక్కడ గీయాలో నిర్ణయించేది పత్రాలు దాచుకున్నవారే. 2021లో పాలినేషియా వరకు కొంత సడలించారు. అల్జీరియా విషయంలో ఆ ఉదారత కనిపించలేదు. బ్రిటన్‌లో 2018 చివర్లో, అంతకు ముందు అందరూ చదువుకోగలిగిన అణు పరీక్షల దస్త్రాలను జాతీయ అభిలేఖాగారం నుంచి వెనక్కి తీసుకున్నారు. కనుక ఐక్యరాజ్య సమితి విజ్ఞాపనలు, అక్రా సమావేశపు ప్రసంగాలు, ఘానా పత్రికలు, మన విదేశాంగ శాఖ దస్త్రాలు మీకు ప్రధాన ఆధారాలు కావాలి. అది లోటు అనుకోకండి. పాలకుడి పత్రంలో ఎడారి ఖాళీగా ఉంటుంది, విజ్ఞాపనలో అదే నేల మీద మనుషులు ఉంటారు.

ఒక్క ఉదాహరణతో ఆపుతాను. రెగ్గాన్‌లో పరీక్షా స్థావరం కట్టడానికి చుట్టుపక్కల ఒయాసిస్సుల నుంచి కూలీలను తెచ్చారు. ఫ్రెంచి సైనిక పత్రాల్లో వారిని పేర్లతో రాయలేదు. ‘దిగువ తువాత్ శ్రామిక జనాభా’ అన్న మాటలకు నాలుగు పొడి అక్షరాలు చేసి, ఆ నాలుగు అక్షరాలతోనే ప్రస్తావించారు. స్థావరం ఎత్తివేసి ఫ్రెంచివారు వెళ్లిపోయాక, ఇసుకలో పూడ్చిన తీగలు, రేకులు, ఇనుము తవ్వి తెచ్చుకుని ఇళ్లకు వాడుకున్నవారు అదే ప్రజలు. 2010లో ఫ్రాన్స్ పరిహార చట్టం చేసినప్పుడు, ఆ రోజుల్లో అక్కడ ఉన్నట్టు కాగితం చూపించమని అడిగింది కూడా వారినే. పేరు రాయని చోట నుంచి కాగితం ఎలా వస్తుంది? మీ మొదటి అధ్యాయం ఆ నాలుగు అక్షరాల దగ్గర మొదలుపెట్టమని నా సలహా.

వేకువచుక్క

యానాం జనన ధ్రువపత్రం గురించి చదివిన వెంటనే ఈ నాలుగు అక్షరాల గురించి చదవడం నన్ను కదిలించింది. ఒకే సామ్రాజ్యం ఒకచోట కూలివాడి పేరు కూడా రాయలేదు, ఇంకోచోట ఇచ్చిన కాగితం ఇంకా ఇనప్పెట్టెలో భద్రంగా ఉంది. సినాప్సిస్‌లో మూడో అధ్యాయంగా పెట్టుకున్న సహారాను మొదటికి తెస్తున్నాను. మార్షల్ దీవుల విజ్ఞాపన రెండో అధ్యాయం అవుతుంది, మరాలింగా మూడోది. యానాం గట్టు గారికి ఒక మనవి. మీ తాతగారి ధ్రువపత్రం మీద ఏమేమి వివరాలు అడిగారో, ఎన్ని గడులు ఉన్నాయో, పేరు ఎలా రాశారో వీలైతే ఇక్కడ రాయగలరా? ఫొటో అక్కర్లేదు. గడుల వరుస తెలిస్తే చాలు.

యానాం గట్టు

తప్పకుండా. ఆదివారం ఇంటికి వెళ్తున్నాను. గుడ్డ అంటించిన చోట ఒక గడి సరిగ్గా కనిపించదు, మిగిలినవన్నీ చదవవచ్చు. చూసి వరుసగా రాస్తాను.